గేరు మార్చడం చేతి బలం కాదు, చెవి నేర్పు!

పాత కారు గేరు మార్చినప్పుడల్లా "కర్ర్‌ర్" మని అరుస్తోందా? బండి ఒక్క ఊపు ఊపేసరికి వెనకసీట్లో పిల్లాడు ముందుసీటుకి తల కొట్టుకుంటున్నాడా? ఒళ్ళో పెట్టుకున్న సాంబారు గిన్నె కాస్తా చీర మీద ఒలికిందా? "గేర్ల బండి ఆడవాళ్ళ చేతికి రాదు, స్కూటీ చాల్లే" అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట పట్టించుకోకండి. పప్పు పొంగే ముందు చప్పుడు విని మంట తగ్గించే చెవి మీది. పాకం తీగ వచ్చిందో లేదో వేలితో చూసి చెప్పే స్పర్శ మీది. గేరు మార్చడానికి కావలసినవి సరిగ్గా ఆ రెండే.

ఇది సరదాకి నేర్చుకునే విద్య మాత్రమే కాదు. మన నర్సీపట్నంలాంటి కొండ అంచు ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ప్రాణాలు కాపాడే విద్య కూడా. ఎందుకో చూద్దాం.

ఊరు దాటితే ఘాటీ

నర్సీపట్నం కింద మైదానంలో ఉంది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. డౌనూరు దాటాక రోడ్డు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి గానీ, రెండింటికీ మధ్య ఉన్న ఆ ఎత్తూ పల్లం ఎక్కడికీ పోలేదు. ఈ దారికి ఒక కన్నీటి కథ కూడా ఉంది. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ ఇక్కడి రోడ్డు పనికి గిరిజనులను చాలీచాలని కూలి ఇచ్చి వెట్టిచాకిరీ చేయించాడు. 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటానికి కారణాల్లో అదీ ఒకటి.

ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు చూడాలని జనం తెల్లవారకముందే బయలుదేరి ఆ కొండ ఎక్కుతారు. ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఇబ్బందంతా దిగేటప్పుడే. "పెట్రోలు మిగులుతుంది" అని గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళు కొందరు. మలుపులో గేరు తగ్గించబోయి అది పడక, చేతిలో గేరు, కాలికింద క్లచ్‌తో కంగారు పడేవాళ్ళు ఇంకొందరు. గేరు సాఫీగా మార్చడం రానివాళ్ళు అసలు మార్చడానికే భయపడతారు. భయపడి బ్రేకు మీదే కాలు వేసి కూర్చుంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఎత్తు ఎక్కే గేరు కావాలన్నది ఒక ఇల్లాలే!

కారు పుట్టిన కొత్తల్లో సంగతి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే గృహిణి భర్తకి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు మగపిల్లల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర దానికి తోలు వేయించింది. ఎత్తు వచ్చినప్పుడల్లా బండికి శక్తి చాలక పిల్లలు దిగి నెట్టవలసి వచ్చింది. తిరిగి వచ్చాక ఆవిడ భర్తతో చెప్పిన మాటల్లో ముఖ్యమైనది, ఎత్తు ఎక్కడానికి ఇంకొక గేరు ఉండాలని! కార్ల్ బెంజ్ బండి లోకానికి పనికొస్తుందని నిరూపించింది ఆ ప్రయాణమే. కాబట్టి "ఆడవాళ్ళకి గేర్లెందుకు" అని ఎవరైనా అంటే, ఈ కథ వినిపించండి.

మిక్సీ జారు చెప్పే పాఠం

గేరు ఎందుకు అరుస్తుంది? మిక్సీ తిరుగుతుండగా దాని మీద జారు పెట్టబోయారనుకోండి. కింద చక్రం గిర్రున తిరుగుతోంది, జారు అడుగునున్న చక్రం నిలబడి ఉంది. రెండింటి పళ్ళూ కలవవు. "కరకర"మంటాయి, పళ్ళు అరుగుతాయి. అదే రెండూ ఆగి ఉంటే చక్కగా కూర్చుంటాయి. లేదా రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నా కూర్చుంటాయి.

కారులోనూ అంతే. ఒక పక్క ఇంజను తిరుగుతుంటుంది, ఇంకో పక్క చక్రాలు తిరుగుతుంటాయి. ఆ రెండింటి మధ్య లంకె గేరు. కాసేపు ఆ లంకె విడదీసే సాధనం క్లచ్. క్లచ్ నొక్కితే ఇంజను విడిపోతుంది. వదిలితే కలుస్తుంది. కలిసే క్షణంలో రెండింటి వేగాలూ పొంతన కుదిరితే బండి కిక్కురుమనదు. పొంతన లేకపోతే కుదుపు.

చిన్నప్పుడు తాడాట ఆడారు కదా? ఇద్దరు తాడు తిప్పుతుంటే మూడో పిల్ల ఒక్కసారిగా దూకదు. కాస్త నిలబడి తాడు తాళం చూసుకుని, తల ఊపుతూ లెక్కపెట్టి, అప్పుడు దూరుతుంది. గేరు మార్చడం అచ్చంగా ఆ దూరడమే.

ఒక లెక్క చూడండి. మూడో గేరులో వెళ్తున్న బండి ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అదే వేగంలో రెండో గేరుకి వస్తే ఇంజను ఇంచుమించు 3000 చుట్లు తిరగాలి. ఈ లెక్క కారు కారుకీ కొంచెం మారుతుంది గానీ సూత్రం ఒకటే: పైగేరుకి వెళ్తే ఇంజను నెమ్మదించాలి, కిందిగేరుకి వస్తే ఇంజను పుంజుకోవాలి. అందుకే పైకి మార్చేటప్పుడు ఒక్క క్షణం ఆగడం, కిందికి మార్చేటప్పుడు చిటికెడు యాక్సిలేటర్ ఇవ్వడం. కిటుకంతా ఇంతే.

గేర్ల పళ్ళను కలిపే ముందు వాటి వేగాలను సరిచేసే 'సింక్రో' అనే ఏర్పాటు 1928లో అమెరికా కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. ఇప్పటి కార్లలో ఆ పని లోపలే జరిగిపోతుంది. కానీ చాలా పాత కార్లలో మొదటి గేరుకి ఈ ఏర్పాటు ఉండదు. ఉన్న గేర్లలో కూడా ఏళ్ళు గడిచేకొద్దీ అరిగిపోతుంది. పాత బండి మీద మనం కాస్త ఎక్కువ ఓపిక చూపించవలసింది అందుకే.

రేసు ట్రాకు మీద నేర్పేదీ ఇదే

రేసు కారు నడిపేవాళ్ళు గేరుని గుద్ది గుద్ది వేస్తారని మనకో అపోహ. సినిమాల్లో అలాగే చూపిస్తారు మరి! నిజంగా చూస్తే పాత స్పోర్ట్స్ కారుతో ట్రాకు మీదకి వెళ్ళినవాడికి మొదట నేర్పేది మెత్తదనం.

మద్రాసు దగ్గర షోలవరంలో ఒకప్పటి యుద్ధకాలపు విమానాశ్రయం రన్‌వే మీద ఏళ్ళ తరబడి కారు పందేలు జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో అసలైన ట్రాకు వచ్చింది. ఆ రోజుల్లో ఈ ఆటకి ప్రాణం పోసినవాళ్ళలో ఎస్.కరివర్ధన్ ఒకరు. తరాల క్రితం తమిళనాడు వెళ్ళి స్థిరపడిన తెలుగు నాయుడు కుటుంబాలు, మిల్లులు, మోటారు పంపుల ఫ్యాక్టరీలు ఉన్న కోయంబత్తూరు ఆయనది. మనందరికీ తెలిసిన మారుతి 800 ఇంజనునే తీసుకుని ఒంటి సీటు రేసు కారు తయారుచేశారాయన. దాని పేరు ఫార్ములా మారుతి. కూరగాయల బజారుకి వెళ్ళే కారు ఇంజనే ట్రాకు మీద పరుగెత్తింది! అదే కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ ఆ ఫార్ములా మారుతిలో పందేలు మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్ పోటీల్లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరులోని ట్రాకుకి ఆయన పేరే పెట్టారు.

ట్రాకు మీద గేరు ఎందుకంత మెత్తగా మార్చాలి? పాత స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఇంజను శక్తి వెనక చక్రాలకి వెళ్తుంది. మలుపు ముందు బ్రేకు వేసేసరికి బండి బరువంతా ముందుకి ఒరుగుతుంది. వెనక చక్రాలు తేలికవుతాయి. సరిగ్గా అప్పుడు కిందిగేరు వేసి క్లచ్‌ని టపీమని వదిలితే, ఆ వెనక చక్రాలు ఒక్క క్షణం పట్టు తప్పి జారతాయి. బండి బొంగరంలా తిరిగిపోతుంది.

దీనికి వాళ్ళు చేసే ఉపాయం చూడండి. కుడికాలి ముందుభాగం బ్రేకు మీద ఉంచి, అదే కాలి పక్కభాగంతోనో మడమతోనో యాక్సిలేటర్‌ని ఒక్కసారి తట్టి ఇంజను వేగం పెంచి, అప్పుడు క్లచ్ వదులుతారు. ఒకే కాలితో రెండు పనులు! మనకి రోడ్డు మీద ఈ విన్యాసం అక్కర్లేదు, చేయొద్దు కూడా. అందులోని సారం చాలు: గేరు పడ్డాక క్లచ్ వదిలే లోపల ఇంజను వేగాన్ని చక్రాల వేగానికి దగ్గరగా తేవాలి. వానలో తడిసిన ఘాటీ మలుపులో మన చిన్నకారుకి కూడా ఇదే రక్ష.

మెట్టు మెట్టుగా నేర్చుకుందాం

ముందు చట్టం సంగతి. పద్దెనిమిదేళ్ళు నిండి, ఎల్.ఎల్.ఆర్. చేతికొచ్చాకే రోడ్డెక్కాలి. బండికి ముందూ వెనకా 'ఎల్' బోర్డు, పక్కసీట్లో లైసెన్సు ఉన్న మనిషి తప్పనిసరి. ఎల్.ఎల్.ఆర్. ఆరునెలలు చెల్లుతుంది. ముప్ఫై రోజులు గడిచాక అసలు లైసెన్సు పరీక్షకి వెళ్ళవచ్చు.

*కూర్చోవడం:* సగం మంది ఆడవాళ్ళకి గేరు అరిచేది ఇక్కడే. సీటు మగవాళ్ళ కొలతకి వెనక్కి ఉంటుంది. కాలు చాలక క్లచ్ ముప్పాతికే నొక్కుతాం. సీటు ముందుకి జరుపుకోండి. క్లచ్ అడుగంటా నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు వెనక గట్టి దిండు పెట్టుకున్నా తప్పులేదు, అది జారకుండా ఉంటే చాలు.

*కట్టుబొట్టు:* చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకోండి. చున్నీ, కొంగు గేరుకీ హ్యాండ్ బ్రేకుకీ చుట్టుకోకుండా చూసుకోండి. ఎత్తుమడమల చెప్పులూ, వదులు హవాయి చెప్పులూ వద్దు. విప్పిన చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టొద్దు, దొర్లి బ్రేకు కిందికి వెళ్తాయి.

*మొదటి రోజు:* ఇంజను ఆపి ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ నొక్కి గేర్లన్నీ వేసి తీయండి. చూపు రోడ్డు మీదే ఉండాలి, గేరు మీద కాదు. చీకట్లో పోపుల డబ్బాలో ఆవాలు ఎక్కడున్నాయో చెయ్యే చెబుతుంది కదా, అలా రావాలి. గేరు రాడ్డుని గుప్పిట బిగించి పట్టుకోకండి. కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోండి. న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత గేరులోకి నెట్టండి.

*రెండో రోజు:* ఆదివారం ఖాళీ మైదానం చూసుకోండి. మొదటి గేరు వేసి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ని అంగుళం అంగుళం వదలండి. ఒకచోట ఇంజను చప్పుడు బరువెక్కుతుంది, బండి ముందుకి ముక్కు వంచుతుంది. క్లచ్ పట్టే చోటు అదే. దాన్ని పదిసార్లు, ఇరవైసార్లు వెతకండి. బండి ఆగిపోతే ఆగిపోనివ్వండి, దానికేం కాదు.

*పైగేరుకి:* యాక్సిలేటర్ వదలండి, క్లచ్ అడుగంటా నొక్కండి. గేరుని న్యూట్రల్‌కి తెచ్చి "ఒకటి" అనుకుని పైగేరు వేయండి. క్లచ్ పట్టే చోటి దాకా త్వరగా, అక్కణ్ణుంచి నెమ్మదిగా వదులుతూ యాక్సిలేటర్ ఇవ్వండి.

*కిందిగేరుకి:* ముందు బ్రేకుతో వేగం తగ్గించుకోవాలి. వేగం తగ్గకుండా గేరు తగ్గించకూడదు. తర్వాత క్లచ్ నొక్కి గేరు వేసి, యాక్సిలేటర్‌ని పావు అంగుళం తట్టి, ఇంజను చప్పుడు కాస్త లేచాక క్లచ్ వదలండి. కుదుపు వస్తే తట్టింది చాలలేదు. బండి ముందుకి ఉరికితే ఎక్కువైంది. ఉప్పు వేసినట్టే, నాలుగు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

*మరీ పాత బండైతే:* కిందిగేరు ఇంకా అరుస్తుంటే క్లచ్ రెండుసార్లు నొక్కాలి. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కి తెండి. క్లచ్ వదిలి యాక్సిలేటర్ తట్టండి. మళ్ళీ క్లచ్ నొక్కి గేరు వేయండి. పాతకాలం లారీ డ్రైవర్లందరూ ఇలాగే నడిపారు. మొదటి గేరు మాత్రం బండి పూర్తిగా ఆగాకే వేయండి.

మీ చెయ్యి తిరిగిందో లేదో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. మైదానంలోనే పక్కసీటు ముందు కింద మూత లేని చెంబులో ముప్పాతిక నీళ్ళు పోసి పెట్టండి. మొదటి గేరు నుంచి మూడో గేరు దాకా వెళ్ళి, మళ్ళీ రెండో గేరుకి వచ్చాక నీళ్ళు ఒలకలేదంటే మీరు పాసైనట్టే.

ఘాటీ దిగేటప్పుడు

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఇది పాతకాలం డ్రైవర్ల సూత్రం, ఇప్పటికీ బంగారం. రెండో గేరులో దిగుతుంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. బ్రేకుతో పని అప్పుడప్పుడే. అలాకాక బ్రేకు మీదే దిగితే రాపిడికి అది కాలి, నొక్కినా పట్టని స్థితి వస్తుంది. పద్మినీ లాంటి పాత కార్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. అవి ఇంకా త్వరగా వేడెక్కుతాయి.

పల్లం మొదలు కాకముందే గేరు తగ్గించండి. పల్లంలో వేగం పెరిగిపోయాక గేరు పడదు, పడబోయే లోపల బండి న్యూట్రల్‌లో ఉరుకుతుంది. ఇక పెట్రోలు మిగులుతుందన్న మాట: పెట్రోలు ఇంజెక్షను ఉన్న కార్లలో, గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలి దిగుతుంటే ఇంజనుకి పెట్రోలు సరఫరా దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజను ఆగకుండా ఉండడానికి కొంత తాగుతూ ఉంటుంది. అంటే ప్రాణానికీ పర్సుకీ కూడా గేరే మేలు.

కాలిన వాసన వస్తే వెడల్పు చోటు చూసి ఆపండి. హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మకుండా ఇంజను ఆపి, గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టండి. వేడెక్కిన బ్రేకుల మీద నీళ్ళు పోయకండి, పగులుతాయి. వాటంతటవే చల్లారనివ్వండి. ఇరుకు చోట ఎక్కేబండికి దిగేబండి దారివ్వాలి. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా.

బండిలో జబ్బా, మనలో జబ్బా?

ఎంత నేర్చినా గేరు అరుస్తుంటే ఒక పరీక్ష చేయండి. బండి ఆగి ఉండగా క్లచ్ అడుగంటా నొక్కి మూడు అంకెలు లెక్కపెట్టి రివర్సు వేయండి. అప్పటికీ అరిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. మెకానిక్‌కి ఆ మాటే చెప్పి, క్లచ్ కేబులు సరిచూడమనండి, గేరు ఆయిలు కూడా చూడమనండి. "మేడమ్‌కి నడపడం రాదు" అని తేల్చేయకుండా పని చేసిపెడతాడు.

ఇక గురువు సంగతి. భర్త పక్కన కూర్చుని "క్లచ్! క్లచ్!" అని కేకలు వేస్తుంటే ఇంజను చప్పుడు వినబడదు. చెవితో నేర్చుకోవలసిన విద్య ఆ గోలలో ఎలా వస్తుంది? మొదటి వారం రోజులు డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళండి, ఆ తర్వాత ఆయన్ని ఎక్కించుకోండి. ఎక్కేముందే ఒక ఒప్పందం: ప్రమాదమైతే తప్ప మాట్లాడకూడదు!

ఒక్క చూపులో

• క్లచ్ ఎప్పుడూ అడుగంటా నొక్కాలి. నడుపుతున్నంతసేపూ కాలు దాని మీద ఆనించి ఉంచకూడదు, ప్లేటు కాలుతుంది.
• పైగేరుకి ఒక్క క్షణం ఆగడం, కిందిగేరుకి చిటికెడు యాక్సిలేటర్.
• ముందు బ్రేకు, తర్వాత గేరు, ఆ తర్వాతే మలుపు.
• ఎత్తులో బండి ఆపితే హ్యాండ్ బ్రేకు వేయండి. క్లచ్ పట్టే చోటుకి వచ్చి బండి లాగబోతున్నప్పుడే హ్యాండ్ బ్రేకు వదలండి.
• పల్లంలో న్యూట్రల్ వద్దే వద్దు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది. ఆ కార్లకి మార్చడానికి గేర్లే లేవు. రేపు మన ఇళ్ళకీ అలాంటి కార్లే రావచ్చు. అయినా ఇవాళ గుమ్మం ముందున్నది నాలుగు గేర్ల పాత మారుతి అయితే, దాని తాళం చెవి మీ చేతికి రావలసిందే. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం వచ్చినా, అత్తగారికి ఆయాసం వచ్చినా, ఎవరి కోసమో ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయలుదేరగలిగితే ఆ ధైర్యమే వేరు. వచ్చే ఆదివారం వంట పొద్దున్నే ముగించుకుని, 'ఎల్' బోర్డు కట్టుకుని మైదానానికి బయలుదేరండి మరి!